పాత ఇంట్లో ఫ్యూజు బోర్డు బాగు చేయించడం ఎలా?

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే చాలామంది ఇంకాస్త లావు తీగ చుట్టేస్తారు. ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తనంతట తానే పడిపోయే, అంటే ట్రిప్ అయ్యే స్విచ్) ఉన్నవాళ్లయితే 16 ఆంపియర్లది పీకేసి 32 పెట్టిస్తారు. ఇక ట్రిప్ అవదు కాబట్టి బాగైపోయిందనుకుంటారు. అది బాగుచేయడం కాదు, కాపలా తీసేయడం. ఫ్యూజైనా ఎంసీబీ అయినా ముందుగా కాపాడాల్సింది ఫ్రిజ్జునో ఏసీనో కాదు, గోడలో ఉన్న వైరును. ఈ సంగతి తెలియకుండా బోర్డు మార్పిస్తే కొత్త డబ్బాలో పాత ప్రమాదమే మిగులుతుంది.

బోర్డు విప్పడం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని. ఏం అడగాలో, ఏం చూడాలో తెలుసుకోవడం మీ పని.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రెండు కొనల టెస్టరు, మెగ్గరు (వైరు ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటరు), ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవర్లు, టార్చిలైటు, కాగితం, పెన్ను ఉంటే చాలు. కొత్త బాక్సు ఇనుపదే తీసుకోండి, ప్లాస్టిక్‌ది వద్దు. ఇప్పుడున్న సర్క్యూట్లకంటే రెండు ఖాళీలు ఎక్కువుండాలి. మెగ్గరు లేకుండా వచ్చిన మనిషికి పాత ఇంటి పని అప్పగించకండి.

మొదటి పని: ఏ ఫ్యూజు ఎక్కడిదో రాసుకోవడం

మెయిన్ ఆపి ఒక ఫ్యూజు తీయించండి. మళ్లీ మెయిన్ వేసి ఏ గదిలో ఏవి ఆగిపోయాయో రాసుకోండి. అలా ఒక్కొక్కటీ చూడాలి. ఇది పగటిపూటే చేయాలి.

రెండో పని: కరెంటు ఆపడం

మెయిన్ స్విచ్ ఆపినా దానికి పైనుంచి వచ్చే వైర్లలో కరెంటు ఉంటుంది. అక్కడ చెయ్యి పెట్టాలంటే విద్యుత్ సంస్థవాళ్లే సరఫరా ఆపాలి. ఇంట్లో ఇన్వర్టరో సోలారో ఉంటే వాటినీ ఆపించండి. ఇక్కడే ఎక్కువమంది మర్చిపోతారు. టెస్టరును ముందు కరెంటున్న చోట పెట్టి చూడాలి, తర్వాత పనిచేసే చోట, మళ్లీ కరెంటున్న చోట. చిన్న నియాన్ బల్బు టెస్టరు వెలగలేదని వైరు పట్టుకోకూడదు. పొడి చెక్క స్టూలు మీద నిలబడితే అది మసకగా వెలగొచ్చు, వెలుగు కంటికి ఆనకపోనూ వచ్చు.

మూడో పని: వైరు చూసి ఎంసీబీ ఎంచుకోవడం

పని చెడిపోయేది ఇక్కడే. బోర్డు దగ్గర కనిపించే రెండంగుళాల పొడవు వైరు ముక్క చూసి "రెండున్నర వైరండీ, 20 వేసేద్దాం" అంటారు. పాత ఇళ్లలో బోర్డు నుంచి జంక్షన్ బాక్సు దాకా లావు వైరు ఉండి, అక్కడ అతుకేసి ముందుకు సన్న వైరు లాగి ఉండొచ్చు. మధ్యలో ఎవరో గది కలుపుకున్నప్పుడు చేసిన పని అది. ఎంసీబీ సైజు ఆ దారిలో అన్నిటికంటే సన్నగా ఉన్న ముక్కను బట్టి పెట్టాలి. కాబట్టి జంక్షన్ బాక్సుల మూతలన్నీ తీయించండి. సున్నం పూసేసి కనపడకుండా పోయినవి కూడా.

రాగి వైరైతే లెక్క ఇది: 1.5 చదరపు మిల్లీమీటర్లకు 10 ఆంపియర్లు, 2.5కి 16, 4కి 20. నాలుగుకి 25 వేయొచ్చని వాదించేవాళ్లుంటారు. పాత గోడలో, ఒకే పైపులో నాలుగైదు వైర్లు కుక్కి ఉన్నచోట 20 దాటించకండి.

అల్యూమినియం వైరైతే ఈ లెక్క చెల్లదు, అంతకంటే తగ్గించాలి. దాన్ని రాగితో నేరుగా మెలిపెట్టి టేపు చుట్టడం అసలు కుదరదు. అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర పడుతుంది, స్క్రూ కింద నలిగి క్రమంగా వదులవుతుంది, ఆ అతుకు వేడెక్కుతుంది. పైగా అక్కడ పారే కరెంటు పెరగదు కాబట్టి ఎంసీబీకి ఆ సంగతి తెలియదు, ట్రిప్ అవదు. స్క్రూ పక్కన వైరు తొడుగు గోధుమరంగుకు తిరిగి, గోరుతో నొక్కితే పెళుసుగా విరుగుతోందంటే అదే జరిగిందని అర్థం. కాలిన భాగం కత్తిరించి మంచి వైరు బిగించాలి. రబ్బరు తొడుగు వైర్లు పగుళ్లిచ్చి ఉంటే బేరం లేదు, ఆ లైను మొత్తం మార్చాల్సిందే.

తర్వాత న్యూట్రల్. పాత బోర్డుల్లో ఫేజుకీ న్యూట్రల్‌కీ రెండిటికీ ఫ్యూజు ఉండేది. న్యూట్రల్ ఫ్యూజు పోతే లైటు ఆరిపోతుంది కానీ హోల్డర్‌లో ఫేజు అలాగే ఉంటుంది. కరెంటు లేదనుకుని చెయ్యి పెట్టినవాళ్లకు షాక్ కొడుతుంది. ఆ ఫ్యూజు తీసేసి న్యూట్రల్ లింకు (మధ్యలో ఫ్యూజు లేకుండా న్యూట్రల్ వైర్లను కలిపే లోహపు పట్టీ) పెట్టించండి.

వైర్లు విప్పి ఉన్నప్పుడే, సామాన్లన్నీ ప్లగ్గుల నుంచి తీసేసి, ప్రతి సర్క్యూట్‌నూ 500 వోల్టుల మెగ్గరుతో చూడాలి. ఇన్సులేషన్ ఒక మెగా ఓమ్ కంటే తక్కువ చూపిస్తే ఆ లైనును కొత్త బోర్డుకు కలపనివ్వకండి.

పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులే నయమనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సరైన తీగ వేస్తే అదీ కాపాడుతుంది, కాదనను. 15 ఆంపియర్ల ఫ్యూజుకు కావలసింది అర మిల్లీమీటరు తగరపు పూత రాగి తీగ. రాత్రి కరెంటు పోతే దాన్ని వెతికేదెవరు? ఫ్లెక్సిబుల్ వైరులోంచి నాలుగు పోగులు లాగి చుట్టేస్తారు. సరైన తీగే వేసినా అది కరగడానికి రాసున్న దానికి దాదాపు రెండింతల కరెంటు కావాలి. ఎంసీబీ 1.45 రెట్లకే గంటలోపు పడిపోతుంది. షార్ట్ అయితే లోపలి అయస్కాంతపు చుట్ట క్షణంలో లాగేస్తుంది. మార్చేయండి.

నాలుగో పని: బిగించడం

ఒక స్క్రూ కింద రెండు వేర్వేరు లావుల వైర్లు పెట్టనివ్వకండి. తొడుగు స్క్రూ కింద నలగకూడదు, రాగి పోగులు బయటికి రాకూడదు. తయారీదారు చెప్పినంత బిగువుతో బిగించాలి. చివర్లో ఒక్కో వైరును చేత్తో లాగి చూపించమనండి.

ఐదో పని: ఆర్‌సీసీబీ

ఆర్‌సీసీబీ అంటే వెళ్లిన కరెంటంతా తిరిగి రాకపోతే లైను తెంపేసే స్విచ్. 30 మిల్లీ ఆంపియర్లది తప్పనిసరి. ఇది లీకేజీని పట్టుకుంటుంది, ఎక్కువ లోడును పట్టుకోదు. కాబట్టి ఎంసీబీలు ఉండాల్సిందే. పాత ఇంట్లో పెట్టగానే ఊరికే ట్రిప్ అవుతోందంటే ఆర్‌సీసీబీ పాడైందని తేల్చేయకండి. ఎక్కువసార్లు కారణం ఇది: ఒక లైను ఫేజు ఆర్‌సీసీబీ గుండా వెళ్తుంది, న్యూట్రల్ మాత్రం వేరే లైనుతో కలిసి పక్కదారిన వస్తుంది. ఆ న్యూట్రళ్లను విడదీయించండి. ఎలక్ట్రీషియన్ విసిగిపోయి ఆర్‌సీసీబీని బైపాస్ చేసేస్తానంటే ఒప్పుకోకండి.

డబ్బులిచ్చే ముందు కరెంటు వేసి ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కండి. వెంటనే పడిపోవాలి. పడకపోతే పని పూర్తికానట్టే. ఆ తర్వాత నెలకోసారి మీరే నొక్కి చూస్తుండండి. ఏ స్విచ్ ఏ గదిదో బాక్సు మూత లోపల రాసి అతికించండి.