కొట్టం కప్పు కుంగితే ట్రస్ కట్టిన విధం

మా పశువుల కొట్టం పెంకుల కప్పు నడుమ కుంగింది. వాసాలు గోడల్ని బయటికి తోస్తున్నాయి. మధ్యలో గుంజ పెట్టమన్నారు కానీ, అప్పుడు ట్రాక్టరు లోపలికి రాదు. అందుకే ట్రస్, అంటే వాసాలు, అడ్డదూలం, నడిమి నిలువు కర్ర కలిపి బిగించిన ముక్కోణపు చట్రం కట్టాలనుకున్నాం. పెంకులు దించి, జాకీతో వెన్నుదూలాన్ని మెల్లగా లేపాం. నేలమీద సుద్దతో అసలు కొలతలో ట్రస్ గీసి, దాని ప్రకారమే కర్ర కోశాం. ఎదురెదురు వాసాల కాళ్లను అడ్డదూలం పట్టి ఉంచితే గోడమీద తోపుడు ఉండదు.

కీలకమంతా అడ్డదూలంలో వాసం కాలు దిగే గాడి దగ్గరే. గాడి దాటాక దూలం కొసను జానెడైనా వదలాలి, లేదంటే ఆ ముక్క నారవెంట చీలి ఊడిపోతుంది. నడిమి నిలువు కర్ర బరువు మోస్తుందని చాలామంది వడ్రంగులే అనుకుంటారు. నిజానికి అది అడ్డదూలాన్ని పైనుంచి వేలాడదీస్తుంది. అందుకే కింద మేకులతో సరిపెట్టకుండా ఇనప పట్టీ చుట్టి బోల్టు బిగించాం. పాత టేకు వాసాలే వాడాం, కొన్నది అడ్డదూలాలు, నిలువు కర్రలు మాత్రమే.