సీలెంట్ పోసి మర్చిపోకండి

రోడ్ సైకిల్‌కి ట్యూబ్‌లెస్ టైర్లు వేసుకున్నాక చాలామంది సీలెంట్ (టైర్ లోపల పోసే, చిన్న రంధ్రాలను మూసే ద్రవం) ఊసే ఎత్తరు. లేటెక్స్ సీలెంట్ ఎండల్లో రెండు మూడు నెలలకే గడ్డకట్టి టైర్‌కి అతుక్కుపోవచ్చు. ఆ తర్వాత చిన్న ముల్లు దిగినా గాలి ఆగదు.

చూసుకోవడం తేలికే. వాల్వ్ పైకి ఉండేలా చక్రం తిప్పి గాలి తీసేయండి, వాల్వ్ కోర్ (వాల్వ్ లోపల గాలిని ఆపే చిన్న భాగం) విప్పండి. వాల్వ్‌ని కిందికి తెచ్చి, కాసేపాగి, సన్నని కేబుల్ టై లోపలికి దించి తీయండి. కొస తడిగా, పాలలా ఉంటే సరే. పొడిగా వస్తే మళ్లీ పోయాలి, 28 మి.మీ. టైర్‌కి 30-40 మి.లీ. చాలు.

దారిలో పంక్చరైతే కంగారుపడి పంపు కొట్టకండి. రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి ఒక నిమిషం ఆగండి. రోడ్ టైర్లలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి సీలెంట్ గడ్డకట్టేలోపే బయటికి చిమ్ముతుంది. కొంచెం గాలి తగ్గాక చాలాసార్లు అదే పట్టుకుంటుంది, అప్పుడు మెల్లగా కొట్టుకోవచ్చు. గాజుపెంకు కోతలాంటివాటికి మాత్రం సీలెంట్ చాలదు, ప్లగ్ (రంధ్రంలో దూర్చే రబ్బరు ముక్క) పెట్టాల్సిందే. అందుకే ప్లగ్ కిట్ జేబులోనే ఉండాలి.