శరదృతువులో పిత్తం ముదరకముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

వానలు తగ్గి, ఆకాశం తేటపడి, ఎండ చురుక్కుమంటోందంటే శరదృతువు వచ్చేసినట్టే. ఆశ్వయుజం, కార్తీకం, ఈ రెండు నెలలూ చల్లబడే కాలమే కదా అని తిండి విషయంలో మనం పట్టు సడలిస్తాం. ఆయుర్వేదం మాత్రం ఇక్కడే గట్టిగా హెచ్చరించింది. రోగులు ఎక్కువగా వచ్చే కాలం కాబట్టి వైద్యులకు శరత్తు తల్లి లాంటిదని పాత మాట కూడా ఉంది.

వానాకాలంలో జీర్ణశక్తి మందగించి, తిన్నది పుల్లబడి, ఒంట్లో పిత్తం (వేడికీ అరుగుదలకూ మూలమైన దోషం) పోగవుతుందని ఆయుర్వేదం చెబుతుంది. చల్లదనానికి అలవాటుపడిన ఒంటికి ఒక్కసారిగా ఎండ తగిలేసరికి ఆ పిత్తం ప్రకోపిస్తుంది. గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు, నోటిపూత, దద్దుర్లు, ఊరికే చిరాకు పడటం దాని గుర్తులు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముందు జాగ్రత్తపడాల్సింది పెరుగు విషయంలో. చలవ చేస్తుందని గిన్నెడు వేసుకుంటాం. కానీ ప్రాచీన ఆయుర్వేద ఆచార్యుడు చరకుడు శరత్తు, గ్రీష్మం, వసంతం మూడింటిలోనూ పెరుగు అంత మంచిది కాదన్నాడు. రాత్రిపూట అసలే వద్దన్నాడు. వేడిచేసి తినకూడదు కూడా. మానలేకపోతే పగలు, కొంచెం, నెయ్యో పెసరకట్టో ఉసిరో తోడు చేసుకుని తినండి. పులిసిన మజ్జిగకూ ఇదే జాగ్రత్త.

పెసరకట్టు ఈ కాలానికి చక్కగా సరిపోతుంది. పెసరపప్పు మెత్తగా ఉడికించి, పల్చగా చేసి, చింతపండు జోలికి పోకుండా జీలకర్ర, కాస్త నెయ్యితో తాలింపు పెట్టండి. పాత బియ్యం అన్నంలోకి అదీ, కాకరకాయో పొట్లకాయో తక్కువ నూనెతో చేసిన కూరా ఉంటే చాలు. ఉసిరి పుల్లగా ఉన్నా పిత్తాన్ని తగ్గిస్తుంది. అయితే ఉప్పు, కారం, నూనె దట్టించిన ఉసిరి పచ్చడితో ఆ మేలు ఆశించకండి. తీపి మంచిదన్నారని మిఠాయిల మీద పడొద్దు. బియ్యం, గోధుమలు, పాలు, నెయ్యి కూడా ఆయుర్వేదం లెక్కలో తీపే. షుగర్ ఉన్నవాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి.

బాగా ఆకలి వేశాకే తినండి, కడుపు బిగిసేలా తినకండి. వేపుళ్లు, మద్యం, పగటి నిద్ర, మధ్యాహ్నపు ఎండ తగ్గించండి. మార్పులన్నీ ఒకేరోజు చేయొద్దు. పాత ఋతువు చివరి 7 రోజులు, కొత్త ఋతువు మొదటి 7 రోజులు సంధికాలం. ఆ లోపల ఒక్కో అలవాటూ మెల్లగా వదులుకుంటూ రండి.

పగటి ఎండలో కాగి, వెన్నెల్లో చల్లారిన శరత్కాలపు నీటిని హంసోదకం అని మెచ్చుకున్నారు. ఇప్పటి చెరువు, బావి నీళ్లను ఆ నమ్మకంతో తాగకండి. కాచి చల్లార్చి, మూతపెట్టుకోండి.

పిత్తం పోవాలని ఈ కాలంలో విరేచనం చేయిస్తారు. వైద్యుడు చూడకుండా మీరే మందు వేసుకోకండి. గర్భిణులు, వృద్ధులు, పిల్లల విషయంలో అసలు వద్దు.

జ్వరం వస్తే వేడి చేసిందని ఇంట్లో కూర్చోవద్దు. ఇది డెంగీ కాలం కూడా. డాక్టర్‌కు చూపించి రక్తపరీక్ష చేయించుకోండి. డెంగీ కాదని తేలేదాకా ఒళ్లునొప్పులకు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ లాంటివి వేసుకోకండి.