పిల్లల సైటు పెరగకుండా ఏం చేయాలి, లెన్సులు ఎప్పుడు పెట్టొచ్చు

మా పాపకి సైటు ఉందని తెలిసింది రెండో తరగతిలో. బోర్డు మీద రాసింది కనపడక పక్కపిల్ల నోటుబుక్కులో చూసి రాసుకుంటోందని టీచర్ చెప్పేదాకా మాకు తెలియలేదు, టీవీ దగ్గరికి వెళ్లి నిలబడుతుంటే అల్లరి అనుకుని కసిరేవాళ్లం. ఇప్పుడు దానికి పదకొండేళ్లు, పొద్దున్నే తన కాంటాక్ట్ లెన్సులు తనే కంట్లో పెట్టుకుంటుంది. ఈ నాలుగేళ్లు ఒడిశాలోని మా పర్లాకిమిడి నుంచి శ్రీకాకుళం, విశాఖపట్నం తిరిగి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మనవాళ్లకి కూడా ఇవే ఇబ్బందులు ఉంటాయి కాబట్టి పనికొస్తుంది.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. కళ్ళజోడు వేయించేస్తే పని అయిపోదు. మైనస్ పవర్ అంటే చాలామంది పిల్లల్లో కనుగుడ్డు ఉండాల్సిన దానికన్నా పొడవుగా సాగిందని అర్థం, ఒక్క మిల్లీమీటరు ఎక్కువ సాగితే దాదాపు రెండున్నర పవర్ తేడా వస్తుంది. మామూలు కళ్ళజోడు దూరం కనపడేలా చేస్తుంది గానీ ఆ సాగడాన్ని ఆపదు. చిన్న వయసులో మొదలైతే పెరగడానికి అన్నేళ్లు ఎక్కువ దొరుకుతాయి. మైనస్ 6 దాకా వెళ్లిందంటే పెద్దయ్యాక రెటీనా (కంటి లోపలి వెనక పొర) ఊడటం, గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) లాంటి ముప్పులు పెరుగుతాయి. అందుకే డాక్టర్‌ని "ఎంత పవర్ ఉంది" అని అడిగి ఊరుకోకండి, "పోయినసారి కన్నా ఎంత పెరిగింది" అని కూడా అడగండి. చీటీలన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి, మిషన్ ఉన్నచోట ఆరునెలలకోసారి కంటి పొడవు కొలిపించండి.

పరీక్ష దగ్గరే మేం ఒకసారి దెబ్బతిన్నాం. మా పాప చదివేది ఒడియా మీడియం. ఒకచోట గోడ మీద తెలుగు అక్షరాల చార్టు పెట్టి చదవమన్నారు, అది బిత్తరపోయి చూస్తూ నిలబడింది, అక్షరం రాక ఆగిపోతే కనపడక ఆగిందనుకుని పవర్ పెంచి రాసిచ్చారు. ఆ అద్దాలు పెట్టుకున్న వారంరోజులూ తలనొప్పే. కాబట్టి వెళ్లగానే చెప్పండి, మా పిల్లకి తెలుగు చదవడం రాదు, అంకెల చార్టు గానీ E ఎటు తిరిగిందో వేళ్లతో చూపించే చార్టు గానీ పెట్టమని. కళ్లలో చుక్కలు వేసి చూడమని కూడా అడగండి. పిల్లల కళ్లు దగ్గరకి ఫోకస్ పెట్టి బిగుసుకుంటాయి, చుక్కలు వేయకపోతే లేని మైనస్ కూడా కనిపించొచ్చు. వేశాక కొన్ని గంటలు, కొన్ని మందులకైతే ఇంకా ఎక్కువసేపు, దగ్గరిది మసగ్గా ఉంటుంది, భయపడకండి. రాయగడలో ఎల్వీ ప్రసాద్ వాళ్ల కంటి ఆసుపత్రి ఉంది, అటువైపు వాళ్లు ప్రతిదానికీ విశాఖ పరిగెత్తక్కర్లేదు.

పవర్ కొంచెం తక్కువ రాయించండి, పెరగకుండా ఉంటుంది అని మా అత్తయ్యగారు చెప్పారు, మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు చెప్తారు. మలేషియాలో 2002లో పిల్లల మీద చేసిన పరిశోధనలో తక్కువ పవర్ పెట్టిన పిల్లలకే సైటు ఎక్కువ పెరిగింది. ఉన్న పవర్ పూర్తిగా పెట్టించండి. క్యారెట్ తింటే మంచిదే, సైటు మాత్రం దానివల్ల తగ్గదు.

పెరుగుదలని నెమ్మది చేయడానికి ఇప్పుడు ఉన్న దారులు నాలుగు. ఒకటి, అంచుల్లో చిన్నచిన్న లెన్సులు పొదిగిన ప్రత్యేకమైన కళ్ళద్దాలు, మైస్మార్ట్, స్టెల్లెస్ట్ లాంటివి. చిన్నపిల్లలకి అన్నిటికన్నా సులువు ఇదే. రెండు, రాత్రి పడుకునేముందు వేసే తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు. 0.01 శాతం, 0.025, 0.05 అని ఉంటాయి, హాంకాంగ్‌లో చేసిన పరిశోధనలో 0.05 బాగా పనిచేసింది. ఎండలో కళ్లు చెదరడం లాంటివి ఉండొచ్చు, ఎంత వేయాలో డాక్టరే చెప్పాలి, మీ అంతట మీరు ఆపేస్తే పవర్ మళ్లీ ఊపందుకోవచ్చు. మూడు, పగలు పెట్టుకునే ప్రత్యేకమైన మెత్తటి లెన్సులు. నాలుగు, రాత్రి పెట్టుకుని పడుకుంటే పొద్దున్నకి కంటి ముందు పొరని కాస్త చదునుచేసే గట్టి లెన్సులు, ఆర్థో-కె అంటారు. ఇవి పెట్టడం మానేస్తే కన్ను పాత ఆకారానికి వచ్చేస్తుంది. రాత్రంతా లెన్సు కంట్లో ఉండటం, తేడా వస్తే కంటి డాక్టర్ గంటల దూరంలో ఉండటం, ఈ రెండూ ఆలోచించి మేం దాని జోలికి పోలేదు. దగ్గర్లో మంచి డాక్టర్ ఉంటే మీ లెక్క వేరు.

మామూలు మెత్తటి లెన్సు సైటు పెరగడాన్ని ఆపదని గుర్తుంచుకోండి, దానికోసం ప్రత్యేకంగా చేసినవే కావాలి. మైసైట్ అనే రోజువారీ లెన్సుకి (ఒక్కరోజు వాడి పారేసేది) అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో అనుమతి ఇచ్చింది, 8 నుంచి 12 ఏళ్ల మధ్య మొదలుపెట్టే పిల్లలకి. మూడేళ్ల పరిశోధనలో మామూలు లెన్సు పెట్టిన పిల్లలతో పోలిస్తే పవర్ పెరుగుదల 59 శాతం తగ్గింది. మనకి ఏ రకం దొరుకుతుందో డాక్టర్‌ని అడగండి. కళ్ళజోడు చీటీ చూపించి లెన్సులు కొనకండి, కంటి వంపు కొలిచి విడిగా రాయించుకోవాలి.

పిల్లకి లెన్సు ఇవ్వొచ్చా అన్నది వయసు చూసి తేల్చకండి, తన చేతులు తను శుభ్రంగా కడుక్కుంటుందా అన్నది చూడండి. పళ్లు తోముకోమని మూడుసార్లు చెప్పాల్సొస్తుంటే ఇంకా ఆగండి. రోజువారీవే తీసుకోండి, ఏడాదికి 730 లెన్సులవుతాయి, ఖర్చే. కానీ డబ్బా కడగడం, ద్రావణం మార్చడం ఉండదు, రాత్రికి పారేయడమే.

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది నీళ్ల గురించి. బోరు నీళ్లు, బావి నీళ్లు, కుళాయి నీళ్లు, కాచి చల్లార్చినవైనా సరే, లెన్సుకి తగలకూడదు. నీళ్లలో అకాంతమీబా అనే క్రిమి ఉంటుంది, లెన్సు చాటున కంటి పొరలోకి వెళ్తే నయం కావడానికి నెలలు పడుతుంది, చూపే పోవచ్చు. స్నానం అయ్యాకే పెట్టుకోవాలి. చెరువు, నది అంటే లెన్సు వద్దు. కార్తీక పున్నమి తెల్లవారుజామున పిల్లలు పడవలు వదలడానికి మహేంద్రతనయ నదికి వెళ్తారు కదా, ఆరోజు మా పాప కళ్ళజోడుతోనే వెళ్తుంది. హోలీకీ అంతే.

సబ్బుతో చేతులు కడిగాక బాగా తుడుచుకోవాలి, గంచాతో (నూలు తువ్వాలుతో) కాదు. మొదటివారంలో మా పాప గంచాతో తుడుచుకుని లెన్సు పట్టుకుంది, కంటికి కనపడనంత నూలుపోగు లెన్సుకి అంటుకుంది, పెట్టగానే కన్ను మూసుకుని ఏడుపు. తీసి వెలుతురులో పట్టుకుంటే అప్పుడు కనిపించింది. అప్పట్నుంచి టిష్యూ కాగితమే. వేలిమీద లెన్సు గిన్నెలా నిలబడితే సరిగ్గా ఉన్నట్టు, అంచులు పళ్లెంలా బయటికి విప్పారితే తిరగబడినట్టు. ఆవకాయ అన్నం తిన్నరోజు లెన్సు తీసేముందు చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగించండి, లేదా భోజనానికి ముందే తీయించేయండి. కాటుక వద్దు. లెన్సుతో కునుకు కూడా తీయకూడదు.

కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, మసకబారినా వెంటనే తీసేసి అదేరోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మెడికల్ షాపులో అడిగి చుక్కలు తెచ్చి వేయకండి, అందులో స్టెరాయిడ్ ఉంటే ఇన్ఫెక్షన్ ముదిరిపోతుంది.

ఇంకా సైటు రాని తమ్ముడో చెల్లో ఉంటే బయట ఆడనివ్వండి. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలని బడిలోనే రోజూ అదనంగా 40 నిమిషాలు బయట ఉంచితే, మూడేళ్లకి సైటు వచ్చినవాళ్లు 30.4 శాతం, అలా ఉంచనివాళ్లలో 39.5 శాతం. 2015లో వచ్చిన లెక్కలివి. ఒకసారి సైటు వచ్చాక బయట ఆటల ప్రభావం అంతగా ఉండదు, అయినా మా పిల్లలిద్దర్నీ సాయంత్రం బయటికి తోలేస్తాను. మధ్యాహ్నం ఎండలో అక్కర్లేదు, చెట్టునీడలో ఆడినా ఇంట్లోకన్నా వెలుతురు చాలా ఎక్కువ.

బడి సంచిలో కళ్ళజోడు ఎప్పుడూ ఉండాలి, క్లాసు టీచర్‌కి విషయం చెప్పి ఉంచాలి. క్లాసు మధ్యలో కన్ను మండితే లెన్సు తీసి పారేయడానికి పిల్ల భయపడకూడదు, అద్దాలు పెట్టుకుని బోర్డు చూసుకుంటుంది.