చేత్తో నడిపితే నడిచే స్క్రిప్ట్ క్రాన్‌లో ఎందుకు నడవదు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

లినక్స్‌లో చెప్పిన వేళకు పనులను తనంతట తానే నడిపే సర్వీస్ క్రాన్; ఏ పని ఎప్పుడు నడవాలో రాసే జాబితా క్రాన్‌ట్యాబ్. రాత్రి జరగవలసిన బ్యాకప్ జరగలేదని తెలియగానే చాలామంది క్రాన్‌ట్యాబ్ తెరిచి సమయం గడులను మార్చడం మొదలుపెడతారు. అది తొందరపాటు. ముందుగా తేల్చుకోవలసింది ఒక్కటే: క్రాన్ ఆ పనిని అసలు మొదలుపెట్టలేదా, లేక మొదలుపెట్టాక పని విఫలమైందా? ఉబుంటు, డెబియన్‌లలో ‘జర్నల్‌సీటీఎల్ -యు క్రాన్’ అనే కమాండ్, రెడ్ హ్యాట్ కుటుంబంలో /వార్/లాగ్/క్రాన్ ఫైల్ ఈ సంగతి చెబుతాయి. అనుకున్న నిమిషానికి ‘సీఎండీ’ అన్న మాటతో మీ కమాండ్ అక్కడ నమోదై ఉంటే, సమయం గడులలో దోషం లేనట్టే.

సమస్య: లాగ్‌లో నమోదైంది, ఫలితం మాత్రం లేదు

ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. టెర్మినల్‌లో లాగిన్ అయినప్పుడు బాష్ (మన కమాండ్లను అమలుచేసే షెల్) మన ప్రొఫైల్ ఫైళ్లను చదివి పాత్‌ను (ప్రోగ్రామ్‌లను వెతికే ఫోల్డర్ల జాబితాను), ఇతర వేరియబుల్స్‌ను సిద్ధం చేస్తుంది. క్రాన్ ఆ ఫైళ్ల జోలికి పోదు. డెబియన్ తరహా వ్యవస్థలలో సాధారణంగా దానికి దొరికే పాత్‌లో /యూఎస్ఆర్/బిన్, /బిన్ తప్ప మరేమీ ఉండవు కాబట్టి, /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో మీరు విడిగా ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రోగ్రామ్ పేరు రాస్తే అది దొరకదు. పైగా క్రాన్ వాడే షెల్ బాష్ కాదు, /బిన్/ఎస్‌హెచ్. ఉబుంటులో దాని వెనుక ఉన్నది డ్యాష్ అనే మరో షెల్. జంట చదరపు బ్రాకెట్లతో రాసిన షరతులు క్రాన్‌ట్యాబ్ వరుసలో ఉంటే అక్కడే ఆగిపోతాయి. పని మొదలయ్యేది మీ హోమ్ ఫోల్డర్‌లో కనుక, స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌ను ఆధారం చేసుకొని రాసిన ఫైల్ చిరునామాలు కూడా తప్పుతాయి.

ప్రోగ్రామ్‌కూ ఫైళ్లకూ పూర్తి చిరునామాలు రాయండి, లేదా క్రాన్‌ట్యాబ్ పైభాగంలో పాత్‌ను ప్రత్యేకంగా నిర్దేశించండి. అలా రాసేటప్పుడు పాత విలువకు కొత్తది జోడించే అలవాటు ఇక్కడ పనికిరాదు; క్రాన్‌ట్యాబ్‌లో డాలర్ గుర్తుతో రాసిన వేరియబుల్ విస్తరించదు కాబట్టి మొత్తం జాబితా రాయవలసిందే. బాష్ కావాలంటే అక్కడే షెల్ విలువను /బిన్/బాష్ అని ఇవ్వవచ్చు.

అంతకన్నా ముందు ఎర్రర్ సందేశాన్ని చేజిక్కించుకోవాలి. క్రాన్ దాన్ని మెయిల్ ద్వారా పంపాలని చూస్తుంది; మెయిల్ పంపే ప్రోగ్రామ్ లేని ఉబుంటు సర్వర్‌లో ‘నో ఎంటీఏ ఇన్‌స్టాల్డ్, డిస్కార్డింగ్ అవుట్‌పుట్’ అని లాగ్‌లో రాసి ఆ సందేశాన్ని పారేస్తుంది. ఆ వాక్యం కనిపించిందంటే మీ స్క్రిప్ట్ ఏదో చెప్పింది, మీకు చేరలేదని అర్థం. కమాండ్ చివర >> గుర్తు, ఒక లాగ్ ఫైల్ చిరునామా, ఆ తరువాత 2>&1 చేర్చండి. ఈ వరుస తారుమారైతే ఎర్రర్లు ఫైల్‌లోకి రావు.

బ్యాకప్ ఫైల్ పేరులో తేదీ చేర్చేవారికి మరో చిక్కు ఉంది. క్రాన్‌ట్యాబ్ వరుసలో % గుర్తు వస్తే కమాండ్ అక్కడితో ముగిసి, మిగిలిన భాగం దానికి ఇన్‌పుట్‌గా వెళుతుంది. ప్రతి % ముందు \ పెట్టాలి, లేదా కమాండ్‌ను స్క్రిప్ట్ ఫైల్‌లోకి మార్చాలి. నా ఓటు రెండోదానికే.

సమస్య: లాగ్‌లో నమోదే కాలేదు

సర్వీస్ నడుస్తున్నదో లేదో ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్’తో చూడండి, దాని పేరు డెబియన్‌లో క్రాన్, రెడ్ హ్యాట్‌లో క్రాన్‌డీ. తరువాత ఎవరి క్రాన్‌ట్యాబ్‌లో రాశారో చూసుకోండి: ముందు సుడో పెట్టి తెరిస్తే అది రూట్ (నిర్వాహక యూజర్) జాబితా, మీది కాదు. /ఎట్సీ/క్రాన్.డీ ఫోల్డర్‌లోని ఫైళ్లలో సమయం గడుల తరువాత యూజర్ పేరు తప్పనిసరి. అది లేకపోతే కమాండ్‌లోని మొదటి మాటనే క్రాన్ యూజర్‌గా భావిస్తుంది. ఇక రోజూ నడవవలసిన స్క్రిప్ట్‌లు ఉంచే క్రాన్.డెయిలీ ఫోల్డర్‌లో ‘బ్యాకప్.ఎస్‌హెచ్’ అని పెట్టినవారు డెబియన్, ఉబుంటులలో ఎంత ఎదురుచూసినా ఫలితం ఉండదు, ఎందుకంటే పేరులో చుక్క ఉన్న ఫైళ్లను, ఆ ఫోల్డర్‌లోని స్క్రిప్ట్‌లను నడిపే రన్-పార్ట్స్ అక్కడ వదిలేస్తుంది. చుక్కా, ఆ తరువాతి భాగమూ తీసేస్తే చాలు.

సమస్య: నడుస్తోంది, కానీ వేళ తప్పి

క్లౌడ్ సర్వర్ల గడియారం చాలావరకు యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. తెల్లవారుజామున 2 గంటలకని రాసిన పని మన గడియారంలో ఉదయం 7:30కి, ఆఫీసు పని మొదలయ్యే వేళకు నడుస్తుంది. మన 2 గంటలు కావాలంటే నిమిషం, గంట గడులలో 30 20 అని రాయాలి. అది యూటీసీ ప్రకారం ముందు రోజు కాబట్టి వారం గడిని కూడా ఒక రోజు వెనక్కి జరపాలి. సర్వర్ టైమ్‌జోన్‌నే మార్చితే క్రాన్‌ను రీస్టార్ట్ చేయడం మరువకూడదు.

నెలలో మొదటి ఆదివారం కోసం 0 2 1-7 * 0 (వరుసగా నిమిషం, గంట, తేదీ, నెల, వారం) అని రాస్తే, ఆ పని ఒకటి నుంచి ఏడో తేదీ వరకు రోజూ, ఆపైన ప్రతి ఆదివారమూ నడుస్తుంది. తేదీ, వారం రెండూ ఇస్తే ఏ ఒక్కటి కుదిరినా క్రాన్‌కు చాలు. వారం గడిలో * ఉంచి, ఈరోజు ఆదివారమా అన్న పరీక్షను స్క్రిప్ట్ మొదట్లో పెట్టాలి.

సమస్య: ఒకే పని రెండుసార్లు ఏకకాలంలో

ముందుది ముగిసిందా అని క్రాన్ చూడదు. కమాండ్ ముందు ‘ఎఫ్‌లాక్ -ఎన్’, ఒక లాక్ ఫైల్ పేరు చేర్చితే రెండోది మొదలవకుండానే తప్పుకుంటుంది.

సమస్య: క్రాన్‌ట్యాబ్ మొత్తం మాయమైంది

కీబోర్డుపై ఈ, ఆర్ పక్కపక్కనే ఉంటాయి. ‘క్రాన్‌ట్యాబ్ -ఈ’ జాబితాను తెరుస్తుంది, ‘క్రాన్‌ట్యాబ్ -ఆర్’ ఏమీ అడగకుండా తుడిచేస్తుంది. జాబితాను చూపే ‘క్రాన్‌ట్యాబ్ -ఎల్’ అవుట్‌పుట్‌ను ముందే ఒక ఫైల్‌లో దాచి ఉంటే, క్రాన్‌ట్యాబ్ కమాండ్‌కు ఆ ఫైల్ పేరు ఇవ్వగానే జాబితా తిరిగి వస్తుంది. దాచి ఉండకపోతే, పాత లాగ్‌లలోని సీఎండీ వరుసలను చూస్తూ ఒక్కొక్కటిగా మళ్లీ రాసుకోవాలి.