పాత కారు లోపలి మీటలు – మూడవ పాఠం: కదలని హీటర్ మీట

గత పాఠంలో డ్యాష్‌బోర్డు కింది పలకలను, వాటి క్లిప్పులు విరగకుండా విప్పడం నేర్చుకున్నాం. ఈసారి ఆ పలకల వెనుక ఉన్నవాటి మీద చెయ్యి వేయబోతున్నాం. ఏళ్ల తరబడి షెడ్డులో నిలిచిపోయిన కారును మళ్లీ రోడ్డెక్కించేవారు ఇంజను మీద, బ్రేకుల మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా లోపలి మీటల మీద పెట్టరు. తీరా వానలో ముందు అద్దానికి ఆవిరి పట్టి దారి కనిపించకుండా పోయినప్పుడు హీటర్ మీటను జరపబోతే అది ఉన్నచోటు నుంచి కదలదు. అద్దం మీది ఆవిరిని తొలగించే గాలి ఆ మీట అదుపులోనే ఉంటుంది కాబట్టి, ఈ పనిని ముస్తాబు పనుల జాబితాలో చివరికి నెట్టకుండా భద్రతకు సంబంధించిన పనిగా ముందే చేసుకోవాలి.

నేను ఈ పని నేర్చుకోవడం ఒక నష్టంతో మొదలైంది. మొట్టమొదట చేతికొచ్చిన కారులో హీటర్ మీట కదలకపోతే, కాస్త గట్టిగా లాగితే వస్తుందనుకుని లాగాను. మీట వచ్చింది, కానీ ఇరుసు దగ్గర రెండు ముక్కలై వచ్చింది. తరువాత అంతా విప్పి చూస్తే మీటలో ఏ లోపమూ లేదు. తీగ కూడా బాగానే ఉంది. అవతలి కొసన, హీటర్ పెట్టెలోని రెక్క తిరిగే సన్నని ఇరుసు తుప్పు పట్టి ఉంది. అక్కడ నాలుగు చుక్కల నూనె, ఒక రాత్రి ఓపిక సరిపోయేవి. విరిగిన మీటకు బదులు మరొకటి వెతకడానికి నెలలు పట్టింది. తెగేదాకా లాగకూడదని పెద్దలు అనే మాట ఈ పనికి అక్షరాలా వర్తిస్తుంది.

ఎందుకిలా జరుగుతుందో ముందు అర్థం చేసుకుందాం. మీట, తీగ, తీగ అవతలి కొసన కదలవలసిన వస్తువు, ఈ మూడూ ఒక గొలుసు. ఆ వస్తువు గాలిని మళ్లించే రెక్క కావచ్చు, వేడినీటిని ఆపే వాల్వు కావచ్చు. మూడింటిలో ఏది బిగుసుకున్నా మీ చేతికి తెలిసేది ఒక్కటే, మీట కదలడం లేదని. పైగా మీటకు పొడవుండటం వల్ల మీ చేతి బలం ఇరుసు దగ్గరికి వచ్చేసరికి ఎన్నో రెట్లవుతుంది. ఆ ఇరుసును మోసేది చాలా కార్లలో పోతపోసిన జింక్ మిశ్రమమో, వయసు మీరి పెళుసైన ప్లాస్టికో. సీసం వంటి మలినాలు కలిసిన పాత జింక్ పోతలు కాలం గడిచేకొద్దీ లోలోపలే ఉబ్బి, సన్నని బీటలు వారుతాయి. పైన మెరుగు చెక్కుచెదరకుండా ఉంటుంది కాబట్టి చూసేవారికి తెలియదు. అంటే లోపం ఎక్కువగా గొలుసు అవతలి కొసన ఉంటుంది, విరిగేది మాత్రం ఇవతలి కొస. అందువల్ల మూడింటినీ విడదీసి, దేనికది కదిలించి చూసేవరకు ఎక్కడా బలం వాడకూడదు. ఈ పాఠంలోని మిగతా పనులన్నీ ఈ నియమాన్ని బట్టే సాగుతాయి.

మధ్యనున్న తీగ గురించి కొంత చెప్పాలి. తొడుగులో జారే ఈ రకం తీగను బౌడెన్ కేబుల్ అంటారు. ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్ 1896లో బ్రిటన్‌లో దీనికి పేటెంటు తీసుకున్నారు. ఉక్కు తీగను స్ప్రింగులా దగ్గర దగ్గరగా చుట్టి చేసిన తొడుగు ఒకచోట కదలకుండా బిగిసి ఉంటుంది, లోపలి తీగ మాత్రం జారుతుంది. బ్రేకులకు, క్లచ్చుకు వాడే కేబుళ్లలో లోపలిది పేనిన తీగ, అది లాగడానికే పనికొస్తుంది. హీటరుకు, చల్లని ఇంజనును స్టార్టు చేసేందుకు వాడే చోక్‌కు ఉండేది సాధారణంగా ఒంటి ఉక్కు తీగ, అది లాగుతుంది, నెడుతుంది కూడా. నెట్టగల గుణంలోనే దాని బలహీనత ఉంది. అవతల ఏదైనా పట్టేసి ఉన్నప్పుడు ఇవతల నుంచి నెడితే, మీటకూ తొడుగు మూతికీ మధ్య తొడుగు లేని ఆ కొద్దిపాటి మేర తీగ విల్లులా వంగుతుంది. ఒకసారి వంగిన చోట అది మళ్లీ తిన్నగా జారదు.

విడదీసే ముందు

ఇంజను పూర్తిగా చల్లబడి ఉండాలి. బ్యాటరీకి ఎర్త్ వైపున్న వైరు విప్పండి. 1960ల దాకా తయారైన చాలా బ్రిటిష్ కార్లలో పాజిటివ్ కొసనే ఎర్త్ చేసేవారు కాబట్టి, ఏ వైరు కారు బాడీకి వెళ్తోందో కంటితో చూసిన తరువాతే ఎర్త్ ఏదో నిర్ణయించండి. డ్యాష్‌బోర్డు వెనుక పాత వైర్ల తొడుగు చిట్లి ఉండటం మామూలే, అక్కడ పట్టకారు తగిలితే చాలు, మంట పుట్టగలదు.

తరువాత ఫోటోలు తీయండి. తీగ ఏ రంధ్రంలోంచి వెళ్తోంది, తొడుగును పట్టుకున్న క్లిప్పు ఎక్కడుంది, క్లిప్పు దాటి తొడుగు ఎన్ని మిల్లీమీటర్లు బయటికి వచ్చి ఉంది, ఈ మూడూ కనిపించాలి. తొడుగు మీద క్లిప్పుకు రెండు వైపులా పెయింటు గీత పెట్టుకుంటే తిరిగి బిగించేటప్పుడు మీకు మీరే కృతజ్ఞత చెప్పుకుంటారు.

మీట చివరి గుండీని పట్టకారుతో పట్టి పీకకండి. దాని కింద చిన్న రంధ్రం ఉంటే టార్చి వేసి లోపలికి చూడండి. అక్కడ కనిపించేది స్క్రూ తల కావచ్చు, లేదా స్ప్రింగు మీద ఉన్న చిన్న మేకు కావచ్చు. మేకయితే సన్నని సూదితో దాన్ని లోపలికి నొక్కిపట్టి గుండీని మెల్లగా లాగాలి. రంధ్రమేదీ లేకపోతే అది మరతో బిగించినదో, ఒత్తిడితో కూర్చున్నదో అయి ఉంటుంది; ముందు ఎడమవైపు తిప్పి చూసి, తిరగకపోతే గుండీ వెనుక మెత్తని బట్టను మెలిపెట్టి రెండు వైపులా సమానంగా లాగాలి. ప్లాస్టిక్ గుండీని కొద్దిగా వెచ్చబరిస్తే పగిలే ముప్పు తగ్గుతుంది. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ వేడి చాలు, చెయ్యి ఓర్చుకోలేనంత వేడి అక్కర్లేదు.

మూడు పరీక్షలు

అవతలి కొసకు వెళ్లండి. రెక్కకో వాల్వుకో ఉన్న చిన్న చెయ్యికి తీగను ఒక చిన్న స్క్రూ బిగించి ఉంచుతుంది. ఆ చెయ్యిని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని రెండో చేత్తో స్క్రూ విప్పాలి, లేకపోతే విప్పే బలమంతా రెక్క ఇరుసు మీద పడుతుంది. తీగ ఊడిన తరువాత మీటను వేలి కొసతో కదపండి. స్వేచ్ఛగా కదిలితే మీటా తీగా నిర్దోషులు, తప్పు రెక్కదో వాల్వుదో. కదలకపోతే మీట దగ్గర కూడా తీగను విడదీసి, మీటను విడిగా, తీగను విడిగా కదిపి చూడండి.

ఈ సమయంలో మీ వేళ్లకు తెలిసే తేడాలను గుర్తుంచుకోండి. ఇసుకలో లాగుతున్నట్టు గరగరలాడుతూ కదిలితే అది తుప్పు. తేనెలో లాగుతున్నట్టు నిదానంగా, కానీ అంతటా ఒకేలా కదిలితే అది ఎండి జిగురైన పాత గ్రీజు. కొంతదూరం సాఫీగా వెళ్లి ఒకేచోట ఠక్కున ఆగితే తీగ అక్కడ వంగి ఉంది, లేదా దారికి ఏదో అడ్డం ఉంది. ఆగినచోట కొద్దిగా సాగి వెనక్కి వస్తున్నట్టుంటే కదులుతున్నది తీగ కాదు, తొడుగు. అది క్లిప్పులోంచి ఊడి ఉంటుంది. ఈ చివరిదానికి మరమ్మతంటూ ఏదీ లేదు, క్లిప్పు బిగిస్తే సరి. సగం కార్లలో పని ఇక్కడే ముగిసిపోవడం చూశాను.

తీగను వదిలించడం

తుప్పు పట్టిన తీగను తొడుగుతో సహా బయటికి తీసి, ఒక కొస పైకి ఉండేలా నిలువుగా వేలాడదీయండి. పై కొస చుట్టూ మెత్తని బంకమట్టితోనో టేపుతోనో చిన్న గిన్నెలా కట్టి, అందులో తుప్పు వదిలించే పల్చని నూనె పోయండి. పన్నెండు గంటలు దాని జోలికి వెళ్లకండి. నూనె దానంతట అది కిందికి దిగాలి, కింది కొస నుంచి ఎర్రమట్టి రంగులో ఒక చుక్క రాలితే దారి దొరికినట్టే లెక్క.

అప్పుడు తీగ కొసను పట్టకారుతో పట్టి, లాగే దిశలో రెండు మిల్లీమీటర్లు, మళ్లీ వెనక్కి రెండు మిల్లీమీటర్లు కదపండి. లాగడం కంటే తీగను దాని చుట్టూ అదే తిరిగేలా కొద్దిగా మెలిపెట్టడం మేలు, ఎందుకంటే మెలిపెట్టినప్పుడు తుప్పు పొర పొడవునా ఒకేసారి తెగుతుంది. మొదటి పది నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. తరువాత సన్నగా కిర్రుమని ఒక చప్పుడు వస్తుంది, రెండు మిల్లీమీటర్లు మూడవుతాయి, తీగ మీద గోధుమరంగు పొడి నూనెలో తడిసి బురదలా బయటికి వస్తుంది. దాన్ని గుడ్డతో తుడిచి మళ్లీ నూనె వేయాలి. ఈ దశలో ఉత్సాహం వచ్చి ఒక్కసారిగా లాగేస్తే, వెలుపలికి రావలసిన పొడి మధ్యలో ముద్దకట్టి తీగ మునుపటికంటే గట్టిగా పట్టేస్తుంది.

తీగ పూర్తిగా బయటికి వచ్చాక నాలుగు సున్నాల (0000) రకం, అంటే అతి సన్నని ఉక్కు పీచుతో రుద్ది మెరుగు తెప్పించండి. ఈ పని కారులో కూర్చుని చేయవద్దు, ఉక్కు పీచు నలుసులు స్విచ్చుల్లో పడితే షార్టు అవుతుంది. తీగను బల్ల మీద దొర్లించి చూడండి. ఎక్కడైనా ఎగిరితే అక్కడ వంపు ఉందన్నమాట. చిన్న వంపును సరిచేయవచ్చు కానీ, మడత పడిన తీగను పారేసి అదే మందం ఉన్న కొత్త ఉక్కు తీగను వేయడమే నా సలహా. తుప్పు గుంటలు పడిన తీగకూ ఇదే మాట. తొడుగులోకి మళ్లీ నూనె పోసి, మురికి లేకుండా వచ్చేవరకు కడగాలి. లోపల ఉత్త ఉక్కే ఉంటే తీగకు పల్చగా గ్రీజు రాసి దూర్చవచ్చు. నైలాన్ పొరో టెఫ్లాన్ పొరో ఉన్న తొడుగులో మాత్రం గ్రీజు వద్దు, అది దుమ్మును పట్టుకుంటుంది. పొడిగా వదిలేయండి, లేదా సిలికాన్ వాడండి.

నూనెల ఎంపికలో చాలామంది పొరబడేది డబ్ల్యూడీ-40 విషయంలో. 1953లో తయారైన ఆ మిశ్రమం పేరుకు అర్థమే తేమను తొలగించే నలభయ్యవ ప్రయత్నమని. తేమను తరిమి, పాత జిగురును కరిగించడానికి అది మంచిదే. కానీ అది మిగిల్చే పొర చాలా పల్చనిది, అందువల్ల దాని తరువాత అసలైన కందెన వేయకపోతే కొన్ని నెలల్లో మళ్లీ మొదటికే వస్తుంది. అసిటోన్, పెట్రోలు, థిన్నరు డ్యాష్‌బోర్డు దగ్గరికే రానివ్వకండి, అవి తగిలిన ప్లాస్టిక్ తెల్లబడి చిట్లుతుంది.

రెక్క, వాల్వు

రెక్క బిగుసుకుంటే దాని ఇరుసు రెండు కొసల్లోనూ చుక్క చుక్కగా నూనె వేసి, చెయ్యిని ఇరుసుకు వీలైనంత దగ్గరగా పట్టుకుని కదపాలి. చాలాసార్లు ఇరుసు బాగానే ఉంటుంది. రెక్క అంచుకు అతికించిన స్పాంజి కాలం తీరి బంకలా మారి పెట్టె గోడకు అంటుకుని ఉంటుంది. పల్చని ప్లాస్టిక్ రేకును అంచు వెంట నడిపితే అది విడిపోతుంది. ఆ స్పాంజిని పూర్తిగా గీకేసి కొత్తది అతికించకపోతే నెల తిరక్కుండానే రెక్క మళ్లీ అంటుకుంటుంది. పెట్టెలో ఎండుటాకులు, ఎలుక గూళ్లు ఉంటే పొడిగా ఊడ్చకండి. మాస్కు, చేతితొడుగులు వేసుకుని, ముందు వాటిని తడిపి ఆ తరువాతే తీయండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

నీటి వాల్వు సంగతి వేరు. అందులో తెల్లగానో పచ్చగానో పేరుకున్న గారే ఎక్కువగా దాన్ని పట్టేస్తుంది, అది బయటి నుంచి వేసిన నూనెకు లొంగదు. వాల్వును విప్పాలంటే కూలెంట్‌ను, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవాన్ని, దించాలి. అందులోని ఇథిలిన్ గ్లైకాల్ విషం, రుచికి తియ్యగా ఉంటుంది కాబట్టి పట్టిన గిన్నెను పిల్లలకు, పెంపుడు జంతువులకు అందనిచోట పెట్టండి. రబ్బరు పైపు గట్టిపడి ఊడి రాకపోతే మెలితిప్పవద్దు, చాకుతో నిలువునా చీల్చి ఒలిచేయండి. పైపు పోతే కొత్తది దొరుకుతుంది. మెలితిప్పిన బలానికి హీటర్ లోపలి సోల్డరు అతుకు ఊడితే మొత్తం డ్యాష్‌బోర్డు దింపవలసి వస్తుంది. ఇత్తడి వాల్వును వెనిగర్‌లో కొన్ని గంటలు నానబెడితే గార మెత్తబడుతుంది. జింక్, అల్యూమినియం వాల్వులను అలా నానబెట్టకూడదు, ఆమ్లం వాటినే తినేస్తుంది. నానిన తరువాత కూడా కారుతున్న వాల్వును నమ్ముకోకండి, మార్చేయండి.

తిరిగి బిగించేటప్పుడు మీటను మూసే వైపు పూర్తిగా జరిపి, అక్కడి నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి తీసుకురండి. రెక్కను చేత్తో గట్టిగా మూసి పట్టుకుని, ఆ స్థితిలో తీగ స్క్రూ బిగించండి. ఆ కొద్దిపాటి జాగా వల్ల మీట తన హద్దుకు తగలకముందే రెక్క పూర్తిగా మూసుకుంటుంది. ఇప్పుడు ఒక్క వేలితో మీటను ఆ కొస నుంచి ఈ కొస వరకు నడపండి. రెండు వేళ్లు కావలసి వస్తే తొడుగు ఎక్కడో ఇరుకుగా వంగి ఉంది, దాని దారిని సవరించండి.

వచ్చే పాఠంలో కిటికీ అద్దాలను ఎత్తే పిడిని, తలుపు లోపలి యంత్రాన్ని తీసుకుందాం. ఈలోగా, ఈ రోజు బిగించిన స్క్రూను మూడు రోజుల తరువాత మరోసారి చూడండి. కొత్తగా పట్టిన తీగ స్క్రూ కింద కొంచెం సర్దుకుంటుంది కాబట్టి సాధారణంగా అది ఇంకో పావు చుట్టు తిరుగుతుంది.