ఏ ఐఈఎం మీకు నచ్చుతుందో కొనకముందే తేల్చుకోవడం ఎలా

చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్లో తిరిగినా ఆన్‌లైన్లో వెతికినా ఐఈఎంల (ఇన్-ఇయర్ మానిటర్లు, అంటే చెవి లోపలికి దిగే ఇయర్‌ఫోన్లు) గురించి వినపడే మాటలు అవే: వీ-షేప్ (బేస్, ట్రెబుల్ ఎక్కువ, మధ్యది తక్కువ; ట్రెబుల్ అంటే పై ఫ్రీక్వెన్సీలు), న్యూట్రల్, వార్మ్, బ్రైట్. వీటికి కొలత లేదు. ఒకరు వార్మ్ అన్నది మరొకరికి మసగ్గా వినిపిస్తుంది. ఈ పేర్ల కన్నా పనికొచ్చేవి మూడు అంకెలు: 100 హెర్ట్జ్ కింద, అంటే బేస్‌లో, మీకు ఎంత బలం కావాలి, 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఎంత కావాలి, 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఎంత ఓర్చుకోగలరు. ఇవి తెలుసుకోవడానికి కొత్తది కొనక్కర్లేదు. ఇప్పుడు మీ దగ్గరున్న వైరు ఇయర్‌ఫోన్ చాలు, చెవి లోపలికి దిగే రకమైతే.

ముందు టిప్స్ (చెవిలోకి వెళ్లే మెత్తని తొడుగులు) సంగతి చూడండి. సీల్ కుదరకపోతే, అంటే టిప్ చెవి రంధ్రాన్ని గాలి పోకుండా మూయకపోతే, మొట్టమొదట పోయేది బేస్, ఆ తర్వాత మీరు చేసే పోలికలన్నీ తప్పుతాయి. 40 హెర్ట్జ్ టోన్ చిన్నగా పెట్టి, ఇయర్‌ఫోన్‌ను వేలితో మెల్లిగా లోపలికి నొక్కండి. నొక్కగానే శబ్దం ఒక్కసారిగా బలపడిందంటే గాలి లీకవుతోందన్నమాట. వేరే సైజు మార్చండి. కుడి చెవికీ ఎడమ చెవికీ వేర్వేరు సైజులు పట్టడం మామూలే. ఫోమ్ టిప్స్ అయితే వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం పట్టుకోండి. ఫోమ్ ట్రెబుల్‌ను కాస్త మెత్తబరుస్తుంది కాబట్టి పరీక్ష మొత్తం ఒకే రకం టిప్స్‌తో చేయాలి.

ఇక ఈక్వలైజర్, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచి తగ్గించే యాప్. ఆండ్రాయిడ్ ఫోన్లో పవరాంప్ ఈక్వలైజర్, విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీవో పనికొస్తాయి. ప్రీయాంప్‌ను (యాప్‌లో మొత్తం శబ్దం స్థాయిని) మైనస్ 6 డెసిబెల్స్‌కు దించండి, లేదంటే పెంచిన చోట శబ్దం పగులుతుంది. తర్వాత మూడు ఫిల్టర్లు పెట్టండి: 105 హెర్ట్జ్ దగ్గర లో-షెల్ఫ్ (దాని కిందిదంతా మార్చేది), 3000 దగ్గర క్యూ 1తో పీక్ (ఆ చుట్టుపక్కలే మార్చేది), 7000 దగ్గర క్యూ 2తో పీక్. క్యూ పెరిగేకొద్దీ మారే మేర సన్నబడుతుంది. ఒక్కోదాన్ని 2 డెసిబెల్స్ చొప్పున పెంచుతూ తగ్గిస్తూ వినండి. మార్చిన ప్రతిసారీ గొంతు ఒకే గట్టితనంతో వినపడేలా వాల్యూమ్ సరిచేయాలి. ఈ ఒక్క పనీ వదిలేస్తే మిగతాదంతా వృథా, ఎందుకంటే కాస్త గట్టిగా వినపడేదే చెవికి బాగున్నట్టు తోస్తుంది. నచ్చిన అంకెలు రాసుకుని, మర్నాడు చూడకుండా మళ్లీ మొదటి నుంచి చేయండి. రెండు రోజుల అంకెలూ దగ్గరగా వస్తే అవి మీవే.

ఏం వినాలి? రోజూ వినేవే. మైలాపూరు సభల్లో కచేరీ విన్న చెవులకు మృదంగం కన్నా మంచి పరీక్ష లేదు. తొప్పి (ఎడమ ముఖం) మీద అరచేతి అంచుతో నొక్కి జార్చినప్పుడు వచ్చే గుంకిలో నాదం కింద నుంచి పైకి లేస్తుంది. బేస్ సరిపోతే ఆ జారుడు మొత్తం వినపడుతుంది. ఎక్కువైతే ‘బుమ్’ అనే ఒకే ముద్ద అవుతుంది. గాత్రం సంగతీ చూడండి. ఒకటి శ్రుతిలో పాడే గాయకుడి ఆధార షడ్జం దాదాపు 131 హెర్ట్జ్, ఐదు శ్రుతిలో పాడే గాయనిది 196. బేస్ పెంపు 100 లోపే ఆగకుండా 300 దాకా సాగితే ముందు మొద్దుబారేది మగ గొంతే. 3 కిలోహెర్ట్జ్ తక్కువైతే గొంతు వెనక్కి పోతుంది, ఎక్కువైతే అరుస్తున్నట్టుంటుంది. 7 దగ్గర ఎక్కువైందో లేదో తెలియాలంటే సాహిత్యంలో శ, ష, స వచ్చే చోట ఆగి వినండి. గాలి కోసినట్టు చెవికి గుచ్చుకుంటే 2 డెసిబెల్స్ తగ్గించండి.

నిశ్శబ్దంగా ఉన్న గదిలో తేలిన బేస్ అంకె తాంబరం నుంచి బీచ్ వెళ్లే లోకల్‌లో చాలదు. రైలు రొద ఎక్కువగా కింది ఫ్రీక్వెన్సీల్లోనే ఉండి బేస్‌ను మింగేస్తుంది. మీరు వినేది ప్రయాణంలోనే అయితే అక్కడే ఒకసారి పరీక్షించి ఆ అంకె తీసుకోండి. వాల్యూమ్ మాత్రం పెంచొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. చిన్నగా వినే అలవాటున్నవాళ్లకు బేస్ మామూలుగానే తక్కువ వినపడుతుంది, కాబట్టి వీ-షేప్ వాళ్లకు హాయిగా ఉంటుంది. గట్టిగా వినేవాళ్లను అదే అరగంటలో అలసటకు గురిచేస్తుంది.

ఇప్పుడు ఇయర్‌ఫోన్ల ఫ్రీక్వెన్సీ గ్రాఫులు చూపించే స్క్విగ్‌లింక్ సైట్‌లో మీ ఇయర్‌ఫోన్ గ్రాఫ్, కొనాలనుకున్నదాని గ్రాఫ్ ఒకదాని మీద ఒకటి పెట్టండి. రెండూ ఒకే వ్యక్తి ఒకే పరికరంతో కొలిచినవై ఉండాలి. గీతల్ని 1 కిలోహెర్ట్జ్ దగ్గర కలిపి, తేడాలు మీ అంకెలతో సరిపోతున్నాయా చూడండి. మీకు బేస్ ప్లస్ 4, 3 కిలోహెర్ట్జ్ దగ్గర మైనస్ 2 నచ్చిందనుకోండి, కొత్త గీత మీ పాతదానికన్నా అంత పైన, అంత కింద ఉండాలి. 8 కిలోహెర్ట్జ్ దగ్గర కనిపించే శిఖరాన్ని మాత్రం పూర్తిగా నమ్మకండి. అది చాలావరకు కొలిచే గొట్టంలో పుట్టే ప్రతిధ్వని. మీ చెవిలో ఐఈఎం ఎంత లోతుకు దిగితే దాన్నిబట్టి అది పక్కకు జరుగుతుంది.

బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు (ఒక రకం చిన్న స్పీకర్లు) ఎక్కువున్న ఐఈఎం ఎంచుకుంటే డాంగిల్ (ఫోనుకు, ఇయర్‌ఫోన్‌కు మధ్య పెట్టే చిన్న పరికరం) అవుట్‌పుట్ ఇంపెడెన్స్ చూసుకోండి. అది ఐఈఎం ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదు: 16 ఓమ్స్‌కు 2. మించితే గ్రాఫ్ గీతే మారిపోతుంది.

కొన్న కొన్ని నెలలకు ఒక పక్క మసగ్గా అయితే ట్యూనింగ్‌ను తప్పు పట్టకండి. చెన్నై ఉక్కకు చెమ్మ, గులిమి కలిసి నాజిల్ (శబ్దం బయటికొచ్చే గొట్టం) జాలీని మూసేస్తాయి. ఎడమది కుడి చెవికి, కుడిది ఎడమ చెవికి మార్చి పెట్టండి. మసక ఇయర్‌పీస్‌తో పాటు పక్క మారితే జాలీ తుడవాలి. అదే చెవిలో ఉండిపోతే లోపం ఇయర్‌పీస్‌ది కాదు.